నువ్వు రమ్మన్న కోటకు పోయొచ్చాను

చిన్నీ,

నువ్వు పోయి ఏడాది నిండింది. ఇంట్లో చావు జరిగితే ఏడాదిదాకా గుట్ట ఎక్కరాదని పెద్దవాళ్ళు ఆపారు. అది దాటిన వారానికే నీ దోస్తు సల్మాను తోడు తీసుకుని, నువ్వు ఎంత పిలిచినా ఈ అమ్మ రాని ఆదిలాబాద్ అడవికోటకు బయలుదేరాను.

రెండు రోజులు నడిచాం. బీడీలు చుడుతూ కూర్చున్న కాళ్ళు కదా, ఎక్కుతుంటే మోకాళ్ళు పట్టేశాయి.

"జర కూసో పెద్దమ్మా. కోట ఏడికి వోతది?" అంది సల్మా.

మూడోరోజు పొద్దున పైకి చేరాం. కూలిన గోడలు, పూడిన బావి, బండలో తొలిచిన రోలు ఉన్నాయి. నీ ఫోటోల్లో రోలు లేదు. నేను దాని పక్కనే కూర్చున్నాను.

దారి చూపిన గోండు పెద్దాయన జొన్నరొట్టెలు పంచుతూ సల్మాను అడిగాడు. "పోయినసారి నీతోని వచ్చిన పోరి రాలేదా బిడ్డా?"

సల్మా ముఖం తిప్పుకుంది.

"దానికి సెలవు దొరకలే కాకా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"మళ్ళ తోల్కరా. రొట్టె పెడితే కుక్కకేసి ఫోటోలు తీసుకుంట తిరిగింది. మూడు దినాలు చాయ్ మీదనే ఉన్నది" అని నవ్వాడు.

ఇంటికొచ్చినప్పుడు అడిగితే, కడుపునిండా తిన్నానని నాతో చెప్పావు. నేను నమ్మాను.

ఏడుపు రాలేదు. నా రొట్టె తిని, నీళ్ళు తాగి, మెల్లగా గుట్ట దిగాను.

తిట్టడానికి రాయడం లేదు బిడ్డా. ఉన్నచోట వేళకు కడుపునిండా తిను.