చిక్కం కట్టిన మందు

డాక్టర్ గారికి,

మీరు కొత్త మందు ఎక్కించిన యాదలక్ష్మి తమ్ముణ్ణి, మెదక్ నుంచి రాస్తున్నాను.

ఒళ్లంతా తిరిగినా క్యాన్సర్ గడ్డ దగ్గరే పనిచేసే ఆ మందు గురించి మా అక్కకు మీరేం చెప్పారో గుర్తుందా? "చిక్కం కట్టిన ఎద్దు లెక్క అనుకో అమ్మా. దారిల దేన్నీ ముట్టది. గడ్డ కాడ చిక్కం ఊడుతది, గడ్డనే మేస్తది." ఇంగ్లీషు వచ్చిన రోగికైతే బొమ్మ గీసి చూపేవారు. మాకు ఎద్దు చాలనుకున్నారు.

అక్క అన్నం మానేసింది. వడ్లు తినకుండా కల్లంలో ఎద్దుల మూతికి చిక్కాలు కట్టిన మనిషి. "నేను మెతుకు మింగితే అది గడ్డను ఇడిసి మెతుకులకు మరుగుతదిరా. ఆకలిగుంటెనే మేస్తది" అంటోంది. మందుకు ఆకలుండదు, నోరే ఉండదు అని వాదించాను. "నువ్వు పేపర్లల్ల కొట్లాడెటోనివి. గాయన డాక్టర్ సాబ్" అని నా నోరు మూయించింది. మీ స్కానులో గడ్డ తగ్గిందట. ఇక్కడ మనిషే తగ్గిపోతోంది.

ఆమెకు ఫోన్ చేయండి. మీ నర్సు కాదు, మీరే చేయాలి. ఆమె ఒంట్లోకి ఆ ఎద్దును తోలింది మీరే, బయటికి తోలాల్సిందీ మీరే.

నిన్న మధ్యాహ్నం కంచం ముందు పెడితే పక్కకు జరిపి, కడుపు మీద చెయ్యి వేసుకుని, "చుప్, జర ఇనరా. నములుతున్నది" అంది.

మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చినవాణ్ణి నేను. అప్పటినుంచి ముద్ద నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ, నమలడం ఆపి వింటున్నాను.