మామ చేసిన మూడు బ్యాట్లు

తిరుపతి,
3-8-1979

మామకు జ్ఞానాంబ నమస్కారాలతో రాస్తున్నది. నేను క్షేమం. హాస్టలు సాంబారు మాత్రం క్షేమంగా లేదు.

నేను కాలేజీలో టేబుల్ టెన్నిస్ ఆడుతున్నాను కదా. బల్ల నడుమ వల కట్టి, చిన్న తెల్ల బంతిని చెక్క బ్యాటుతో అటూ ఇటూ కొట్టే ఆట. మొన్న నా బ్యాటు చెక్క పిడి దగ్గర విరిగిపోయింది. రెండు పక్కలా అతికించే రబ్బర్లు బాగానే ఉన్నాయి, ఊడదీసి దాచుకున్నాను. వచ్చే నెల ఇరవయ్యో తేదీ యూనివర్సిటీ జట్టుకు ఎంపిక పోటీలు. మద్రాసు నుంచి కొత్త బ్యాటు తెప్పిస్తే అప్పటికి అందదట. నాకిది చివరి సంవత్సరం, ఈసారి తప్పితే ఇక ఆ జట్టు మొహం చూసేది లేదు. పుత్తూరులో బండి చక్రాలు చేసే మామ ఉండగా నాకెందుకు దిగులు అనుకుని, చెక్క ఆకారం కాగితం మీద గీసి పంపుతున్నాను.

నీ మేనకోడలు
జ్ఞానాంబ

తా.క.: బల్ల మీదికెక్కి ఆడతారా అని పోయినసారి అడిగావు. లేదు మామా, నేల మీదే నిలబడతాం.

పుత్తూరు,
12-8-1979

చిరంజీవి జ్ఞానాంబకు మామ మునిరత్నం ఆశీస్సులు.

నువ్వు అడగడం, నేను చేయకపోవడం జరిగే పనేనా! నీ బ్యాటు ఎందుకు విరిగిందో చూడకుండానే చెప్తాను. అది చేవ లేని కర్ర. చెట్టు నడుమ గట్టిపడిన నల్లటి భాగమే చేవ, మిగిలిందంతా పొయ్యిలోకే. నలభై ఏళ్లుగా చేవ లేని కర్ర నా గడప దాటి పోలేదు. పుట్టింటి నుంచి అక్క బిడ్డకు పోయే వస్తువైతే ఇంకెంత చూడాలి? చక్రాల కోసం దాచుకున్న తుమ్మ మొద్దు కోసి అంగుళం మందాన చేశాను. ఎద్దులు తొక్కినా విరగదు. బోసిగా ఉంటే బాగుండదని రెండు పక్కలా పద్మం చెక్కాను.

ఇట్లు
మీ మామ

తా.క.: నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అత్త కుప్పమ్మ, "ఆ బంతి తగిలితే టక్కంటాదా, టొక్కంటాదా అడుగు" అంటోంది. దానికెందుకో ఇదంతా! అడగమంది కాబట్టి రాశాను.

తిరుపతి,
18-8-1979

మామకు నమస్కారాలు.

బ్యాటు చేరింది. హాస్టలు పిల్లలంతా పద్మాన్ని కళ్లకద్దుకున్నారు. ఒకమ్మాయి కుంకుమ కూడా పెట్టింది. కానీ మామా, అంగట్లో తూకం వేయిస్తే అది అరకిలోకు కొంచెమే తక్కువ! బంతి బరువేమో రెండున్నర గ్రాములు. పద్మం రేకుల మీద రబ్బరు అతకదు. ఉత్త చెక్కతో కొడితే బంతి ఏ రేకుకు తగిలితే ఆ దిక్కుకు పోతోంది. మా ఆటల మేడం తిరుమలమ్మ గారు "ఏమ్మే, వాకిలి తలుపు ఎత్తకొచ్చినావా?" అన్నారు. రెండు రోజులకే మణికట్టు వాచింది. నున్నగా, పలచగా, తొంభై గ్రాములు మించకుండా చేసి పంపు మామా.

నీ జ్ఞానాంబ

తా.క.: అత్తకు చెప్పు. మంచి బ్యాటుకు తగిలితే మెత్తగా "టొక్" మంటుంది. బంతి ఒక్క క్షణం చెక్కలో కూర్చుని లేచినట్టు చేతికి తెలుస్తుంది. తుమ్మ మీద "ఠంగ్" మని ఎగిరిపోతోంది. ఇంత మంచి ప్రశ్న నన్నింతవరకు ఎవరూ అడగలేదు.

పుత్తూరు,
26-8-1979

చిరంజీవి జ్ఞానాంబకు ఆశీస్సులు.

మణికట్టు వాచిందంటే తప్పు కర్రది కాదు, హాస్టలు తిండిది. రెండు శేర్ల రాగిపిండి పంపుతున్నాను. రోజూ సంగటి కెలుక్కుని తిను. అయినా నీ మాట కాదనలేక టేకు చేవను ఒకే పలకగా, పలచగా చిత్రిక పట్టాను. పద్మం లేదు. మనసొప్పక పిడి మీద చిలకను మాత్రం చెక్కాను.

మీ మామ

తా.క.: విరిగిన పాత బ్యాటు అంచు చూసి, అది ఒకే చెక్కా, పొరలు పొరలుగా ఉందా, పొరలైతే ఏ పొర గీతలు ఎటు పోతున్నాయో రాయమంటోంది మీ అత్త. చెక్కకు పొరలేంటి, అదేమన్నా పరోటానా! ఒకటే నవ్వు నాకు.

తిరుపతి,
3-9-1979

మామకు నమస్కారాలు.

టేకు బ్యాటు మొదటి రోజు బాగానే ఆడింది. రెండో రోజు గట్టిగా ఒక దెబ్బ కొట్టగానే గీత వెంబడి నిలువునా చీలింది. సగం నా చేతిలో ఉండిపోయింది, సగం మేడం కాఫీ గ్లాసులో పడింది. చిలక నా దగ్గరే ఉంది.

అత్త అడిగిందే నిజం. పాత దానిలో అయిదు పొరలున్నాయి. పైవి రెండూ నిలువు గీతలు, వాటి కిందివి రెండూ అడ్డ గీతలు. ఒకటి చీలబోతే ఇంకొకటి పట్టుకుంటుంది. నడిమిది మందంగా, తేలిగ్గా, గోరుతో నొక్కితే సొట్ట పడేటంత మెత్తగా ఉంది. దానికి చేవే ఉండకూడదట. ఇప్పుడు తోటి అమ్మాయి నాగరత్నమ్మ బ్యాటు అడుక్కుని ఆడుతున్నాను. ఆమె కూడా పోటీలో ఉంది, పోటీ రోజున నాకివ్వడం కుదరదు. నాకు భయంగా ఉంది మామా.

నీ జ్ఞానాంబ

తా.క.: అత్తకు: అయిదు పొరలూ కలిపి ఆరు మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా నడిమి చెక్కదే.

పుత్తూరు,
10-9-1979

జ్ఞానాంబకు ఆశీస్సులు.

అయిదు ముక్కలు అతికించి ఒకటని ఇచ్చేది మోసగాడి పని. నడిమి చెక్కకు చేవ ఉండకూడదా? రేపు ఇంటికి దూలం ఉండకూడదంటావు. నాకు కోపం లేదు, మనసు నొచ్చింది అంతే. కానీ భయంగా ఉందన్నావే, ఆ మాట చదివాక అన్నం సహించలేదు. నల్లమద్ది చేవతో మూడో బ్యాటు చేశాను. చీలకుండా బండి చక్రానికి వేసినట్టు చుట్టూ ఇనప కట్టు కాల్చి బిగించాను. ఇది చీలితే నేను మళ్లీ ఉలి పట్టను.

మీ మామ

తా.క.: పార్శిలు మీ అత్తే కుట్టి పోస్టుకు తీసుకుపోయింది. నన్ను ముట్టనివ్వలేదు. నీ మీద అంత ప్రేమ!

తిరుపతి,
22-9-1979

మామా! నమస్కారాలు తర్వాత. నేను జట్టులో ఉన్నాను!

నీ కోపమంతా నటనేనా? ఇనప కట్టని భయపెట్టి అంత తేలికైన అయిదు పొరల చెక్క పంపుతావా! రబ్బర్లు అతికించి మొదటి బంతి కొట్టగానే "టొక్" మంది, నాకు కళ్లనీళ్లొచ్చాయి. చివరి ఆటలో నేనూ నాగరత్నమ్మా పంతొమ్మిది, పంతొమ్మిది. ముందు ఇరవై ఒకటి చేసినవాళ్లదే గెలుపు. నీ పనితనాన్ని నమ్మి రెండు బంతులూ మెత్తగా బల్ల అంచుకు వేశాను, రెండూ ఆమెకు అందలేదు. మేడం బ్యాటును తిప్పి తిప్పి చూసి, "ఇది చేసినోళ్లు ఎవురో గానీ, బంతి మనసు తెలిసినోళ్లు" అన్నారు. పిడి మీద నీ పేరు రాసుకున్నాను.

నీ జ్ఞానాంబ

తా.క.: జట్టులో మిగిలిన ముగ్గురు అమ్మాయిలకూ అలాంటిదే కావాలట.

పుత్తూరు,
27-9-1979

చిరంజీవి జ్ఞానాంబకు ఆశీస్సులు.

నీ ఉత్తరాన్ని అంగట్లో కూర్చున్న నలుగురికీ రెండుసార్లు చదివి మీసం తిప్పాను. మూడోసారి చదివేటప్పుడు "అయిదు పొరలు" అన్న దగ్గర నాలుక ఆగిపోయింది. ఇంట్లోకి పోయి అడిగితే, మీ అత్త బియ్యం గంపలోంచి నా నల్లమద్ది బ్యాటును ఇనప కట్టుతో సహా తీసి ముందర పెట్టింది.

టీ అంగడి నుంచి టీపొడి వచ్చే ఖాళీ ప్లైవుడ్ పెట్టె తెచ్చి, ఆ చెక్కను నీళ్లలో నానబెట్టి పొరలు ఊడదీసిందట. నడుమ బూరుగు చెక్క వేసి, నువ్వు రాసినట్టే నిలువూ అడ్డమూ అతికించి, మూడు రోజులు తిరగలి రాయి కింద పెట్టిందట. అంతా నేను సంతకు పోయిన రోజుల్లోనే. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. "చెప్తే పరువంటావు. నీ పరువు చూసుకుంటా కూర్చుంటే బిడ్డ గతి ఏం కావాల? భయంగా ఉండాదని రాసింది కదా" అంది. నలభై ఏళ్లుగా నేను తట్టే ప్రతి చెక్క చప్పుడూ వంటింట్లోంచి వింటూనే ఉందట.

ఒక పూట కోపంగా ఉన్నాను. అబద్ధమెందుకు, సిగ్గుగా కూడా ఉండింది. తర్వాత ఆ పంతొమ్మిది, పంతొమ్మిది సంగతి గుర్తొచ్చి, నా బ్యాటే వచ్చి ఉంటే ఏమయ్యేదో అనిపించింది. పిడి మీద నా పేరు చెరిపెయ్యి. పెళ్లయి ఇన్నేళ్లలో మీ అత్త పేరు మీద ఈ ఇంటికి ఒక్క ఉత్తరమూ రాలేదు. ఇకమీదట కవరు మీద "శ్రీమతి కుప్పమ్మ గారికి" అని రాయి. చదివి వినిపించేది నేనే అయినా, వచ్చేది ఆమెకు. వాకిట్లో నిలబడి ఆ పేరే గట్టిగా పిలవమని పోస్టుమాను పెంచలయ్యకు చెప్పి పెట్టాను.

ఇట్లు
కుప్పమ్మ గారి మొగుడు
మునిరత్నం

తా.క.: ఆ ముగ్గురు అమ్మాయిల చెక్కల సంగతి మీ అత్తనే అడుగు. నేను జిగురు కాస్తున్నాను.