ముందు చక్రం పట్టు

మే 3

ప్రియమైన మారిట్,

మంచు కరిగింది. మన విమానానికి ఏడాది తనిఖీ మొదలెట్టా. ఎప్పట్లా నువ్వొచ్చి తోక మీద వాలితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. నేను ఇరుసుకు చేపలు తూచే కాటా తగిలించి పక్కకు లాగుతా. ఇరవై రెండు పౌన్లకు లోపే కదిలిందంటే పట్టు వదులైనట్టే. దిగేటప్పుడు చక్రం గజగజలాడి దాని కాలు విరుగుతుంది. యూనివర్సిటీ తిండికి ఒళ్ళు చేశావటగా, పనికొస్తావు! రూబార్బ్ కాడల తీపి వంటకం చేస్తానంటోంది మీ వదిన కారిన్.

నీ లైల్ అన్నయ్య

మే 9

ప్రియమైన అన్నయ్యా,

నా ఒంటి జోలికి రాకు. దిద్దాల్సిన పరీక్ష పేపర్లు గుట్టగా ఉన్నాయి, ఈసారి రాలేను. తోకకు ఇసుక బస్తాలు కట్టు. పక్కన నేను లేకపోతే తొందరపడతావేమోనని నా అనుమానం. నవ్వుకుంటే నవ్వుకో. కాటా ఎంత చూపిందో మాత్రం రాయి.

ప్రేమతో, మారిట్

మే 17

ప్రియమైన పంతులమ్మా,

బస్తాలు కట్టా. ఇరవై నాలుగు. ఇక నిద్రపో! మనవరాలిని చూడ్డానికి మా అమ్మాయి సోల్వెగ్ వాళ్ళింటికి ఇప్పుడే ఎగురుతున్నాం. ఈ చీటీ అక్కడ పోస్టు చేస్తా. కారిన్ కోటు తొడుక్కుని నిలబడింది.

లైల్

ఆసుపత్రి, జూన్ 11

చెల్లీ,

చక్రం విరిగి విమానం బోల్తా పడ్డాక, కారిన్ సమాధి దగ్గర నా బదులు నువ్వు నిలబడ్డావు. నీకు ఇక అబద్ధం చెప్పలేను. ఆ రోజు కాటా చూపింది పదకొండు. నట్టు బిగించాలంటే చక్రం మీది డొప్ప విప్పాలి, గంట పని. "ఇంకా ఎంతసేపు, ముసలోడా?" అంది మీ వదిన. తనిఖీ పుస్తకంలో ఇరవై నాలుగని రాసేశా. అలవాటుగా "తోక పట్టింది మారిట్" అని కూడా రాశా. దర్యాప్తు వాళ్ళు అడిగితే అక్కడే ఉన్నానను, ఇరవై నాలుగే చూశానను. లేకపోతే నా కూతురు ఇక నా మొహం చూడదు.

లైల్

జూన్ 20

అన్నయ్యా,

రోజూ ఒక జవాబు రాసి చింపేశాను. నేనొచ్చి ఉంటే డొప్ప విప్పించేదాన్నా? ఏమో. వదిన కోటు చూసి, "పోనీలే, ఈ ఒక్కసారికి" అని నేనూ అనేదాన్నేమో. నీ మీద తీర్పు చెప్పే నోరు నాకు లేదు.

నిన్న దర్యాప్తు వాళ్ళొచ్చారు. పుస్తకంలో నా పేరు చూపించి, ఆ రోజు ఉన్నారా అని అడిగారు. ఉన్నానని చెప్పడానికే నోరు తెరిచాను. ఎదురుగా సోల్వెగ్ కూర్చుని ఉంది, ఒళ్ళో పాపతో. "లేను" అన్నాను. పదకొండు సంగతీ చెప్పాను.

సోల్వెగ్ ఏడవలేదు. "ఎక్కేముందు అమ్మకు ఆ సంగతి తెలుసా?" అని మాత్రం అడిగింది.

ఆ మాట నిన్నే అడగమన్నాను. ఆదివారం తనను నీ దగ్గరకు తీసుకొస్తున్నాను.

మారిట్