మీటరు మీద ప్లాస్టరు

తమ్ముడూ,

ఆశీస్సులు చివర్లో రాస్తాను, అప్పటికి కోపం తగ్గితే.

అడిగి తీసుకెళ్ళిన మా మోటార్‌హోమ్, అదే ఆ ఇల్లులాంటి బండి, తిరిగి ఇచ్చిన రోజు నిన్ను ఎంత మెచ్చుకున్నానో! మంచినీళ్ళ ట్యాంకు నింపావు, మురుగు ట్యాంకు ఖాళీ చేశావు, బండిని అద్దంలా తుడిచావు. నిన్న కొండ దారి దిగుతుంటే వెనక టైరు ఢామ్మని పేలింది. పిల్లలు వెనక మంచం మీద నిద్రపోతున్నారు. బండిని ఎలా ఆపారో మీ బావకే తెలియదు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆయన ఇంకా స్టీరింగు ముట్టుకోనంటున్నారు.

టైర్లలో గాలి తగ్గితే వెలగాల్సిన ఎర్ర లైటు ఎందుకు వెలగలేదా అని చూస్తే, మీటరు మీద నల్ల ప్లాస్టరు! ఫోన్ చేసి అడిగితే ఏమన్నావు? "దారంతా కళ్ళల్లో పొడుస్తోందక్కా, అందుకే మూసేశా." పైగా నవ్వు! గాలి కొట్టించడానికి బద్ధకం, ప్లాస్టరు గుండ్రంగా కత్తిరించడానికి మాత్రం ఎక్కడలేని ఓపిక. లైటు వెలగలేదు కదా అని మీ బావ నిశ్చింతగా బయలుదేరారురా!

ఆ ప్లాస్టరు ఊడదీసి ఈ కాగితానికే అంటించాను. ఈసారి ఏ లైటైనా పొడిస్తే నీ కళ్ళకే వేసుకో. బండి తాళాలు మాత్రం అడగకు.

ఆశీస్సులన్నీ పిల్లలకే అయిపోయాయి. నీకు మిగల్లేదు.

అక్క