సోడా గడిలో “మామూలే”

చిన్నమ్మా,

నిన్ననే నీ సంవత్సరీకం అయింది. ఇవాళ నీ సబ్బుల నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాను. ప్రతి విడతకూ నూనె ఎంతో, అచ్చులో పోసింది ఎప్పుడో, ఆరింది ఎప్పుడో రాశావు. కాస్టిక్ సోడా తూకం గడిలో మాత్రం అన్ని పేజీల్లోనూ ఒకటే మాట: “మామూలే”. ఆ మామూలు ఎన్ని గ్రాములో నీ పక్కన నిలబడి చూసిన నాకొక్కదానికే తెలుసు. అందుకే నువ్వు పోయినప్పటి నుంచి చిలకలగూడలోని ఈ వంటగదికి నేనే దిక్కు. పక్కనున్న స్టేషన్‌లో ఏ రైలు వస్తోందని మైకులో ఎప్పుడు చెప్తారో కూడా నోటికొచ్చేసింది.

పుణెలో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. అందుకే ప్రతి “మామూలే” పక్కనా గ్రాములు రాస్తున్నాను. అమ్మ వచ్చి చూసింది.

“నువ్వుండంగ గిదంతా రాసుడెందుకే?”

“నేను లేకున్నా నువ్వు చేసుకోవాలె కదమ్మా.”

“సోడా అంటేనే నాకు భయం.”

అయినా గ్లౌజులు తొడుక్కుంది. నేను చదువుతుంటే తనే తూచింది, తనే కలిపింది, అచ్చులో పోసింది. ఒక్క చుక్కా ఒలకనివ్వలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

“చూసినవా, వచ్చేసింది నీకు” అన్నాను.

“ఇప్పుడేం తెలుస్తది? ఆరనీ. మంచిగున్నదని నువ్వు చెప్పినంక పోదువు తియ్” అంటూ పెన్ను నా చేతికిచ్చింది.

సోమవారం సంగతి ఆమెకు తెలుసు. ఆరే తేదీ గడిలో నెల తర్వాతి తేదీ నాతోనే రాయించింది.