టీ ముందా, ఐ ముందా

లైసెన్సుల శాఖ ప్రధాన అధికారి గారి సముఖమునకు,

వడ్రంగి దుకాణం మేడ మీద ఆడపిల్లలకు ఆత్మరక్షణ విద్య నేర్పు పంతులమ్మ వ్రాసుకొను అర్జీ.

విషయం: మార్షల్ అను ఇంగ్లీషు మాటను తమ కార్యాలయం వారు మారిటల్ అని టైపు కొట్టినందువలన నాకును, నా శిష్యురాళ్ళకును, వీధిలోని పలు సంసారములకును కలిగిన ఇబ్బంది, సదరు తప్పు దిద్దించి, నా హాలుకు తాళం పడకుండా ఆపించుట గురించి.

అయ్యా,

తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా, నేను నేర్పేది తన్నడం, గుద్దడం, ఎవరైనా చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవడం, కింద పడితే ఎముక విరగకుండా పడటం. దీన్ని మార్షల్ ఆర్ట్స్ అంటారు. మార్షల్ అంటే యుద్ధానికి సంబంధించినది. మారిటల్ అని ఇంకో మాట ఉంది. దాని అర్థం పెళ్ళికి సంబంధించినది. రెండింటిలోనూ అవే అక్షరాలు, అన్నే అక్షరాలు. ఎం, ఏ, ఆర్ దాకా చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తాయి. అక్కడ టీ ముందొచ్చి ఐ వెనకొస్తే కొట్లాట. ఐ ముందొచ్చి టీ వెనకొస్తే కాపురం. ఇదేమీ పండితులకు మాత్రమే తెలిసిన రహస్యం కాదు. ఇంటర్లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పిన నాకే తెలుసు. తమ కార్యాలయంలో అందరూ మొదటిసారే పాసయ్యారని విన్నాను.

ఇక నా కష్టములు వరుసగా చిత్తగించండి.

1. నేను అర్జీలో మార్షల్ అనే వ్రాసితిని. లైసెన్సులో మారిటల్ ఆర్ట్స్ అని వచ్చినది. అంతటితో ఆగినా బాగుండేది. దాని కింద, తెలుగు మీద అభిమానం కొద్దీ, "స్త్రీలకు, బాలికలకు దాంపత్య కళల శిక్షణ కేంద్రం" అని తర్జుమా కూడా చేసి ఇచ్చారు. తెలుగులో ఒక్క అక్షరదోషం లేదు. తప్పును ఇంత శుద్ధంగా అనువదించిన ఆ చేతికి దూరం నుంచే ఒక నమస్కారం.

దిద్దించుకుందామని తమ పెద్ద గుమాస్తా గారి దగ్గరికి వెళ్ళితిని. ఆయన కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, దొంగనోటు కాదని తేల్చుకుని, తిరిగి ఇచ్చేశారు.

"ఏమ్మా, అక్షరం అటూ ఇటూ అయితే కొంపలేమైనా మునుగుతాయా?"

"మునుగుతాయండీ. అటూ ఇటూ అయింది కొంపల మాటే."

"అక్షరాలన్నీ ఉన్నాయా, లేవా? చూసుకో. ఒకటి తగ్గితే చెప్పు, వేయిస్తా. టీ ముందుంటే ఏంటి, ఐ ముందుంటే ఏంటి?"

అప్పుడే టీ వచ్చింది. తెచ్చినవాడు పక్క బల్లకు ముందు ఇచ్చాడు. పెద్ద గుమాస్తా గారు లేచి నిలబడి, ఎవరి సీనియారిటీ ఎంతో, ఏ టీ ఎవరి ముందుకు మొదట రావాలో గది అదిరేలా చెప్పారు. ఆ ఒక్క విషయంలో ఆయనకున్న పట్టు చూసి ముచ్చటేసింది.

2. పిమ్మట తమ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, నా పాత బోర్డు మీద మార్షల్ అని ఉన్నందుకు కళ్ళెర్ర చేసిరి. బోర్డు, లైసెన్సు పొల్లు పోకుండా ఒకటిగా ఉండవలెనట. నేను అర్థం చెప్పబోయాను. "అర్థాలు మా పరిధిలోకి రావు" అన్నారు. ఇంతకాలం తమ శాఖ గురించి నాకున్న అనుమానం అలా తీరిపోయింది.

దిద్దక తప్పలేదు. బోర్డులు రాసే ఆయన నిచ్చెన మీద కూర్చుని, నవ్వు ఆపుకోలేక రెండుసార్లు కుంచె జారవిడిచాడు. మాట మార్చాడు కానీ బొమ్మ మార్చలేదు. పాత బొమ్మలో ఒక అమ్మాయి కాలు తల ఎత్తుకు లేపి తన్నుతూ ఉంటుంది. ఇప్పుడు ఆ కాలు దాంపత్య కళలు అన్న మాటకు సరిగ్గా తగులుతోంది. తుడిపించాలా అని కింది వడ్రంగిని సలహా అడిగితే, "ఎందుకమ్మా, సరిగ్గానే ఉంది. మా ఇంట్లోనూ ఇంతే" అని చిత్రిక పట్టుకుంటూ కూర్చున్నాడు.

3. బోర్డు మారిన వారానికే చాలామంది తల్లులు వచ్చి పిల్లలను తీసుకుపోయారు. ఒక్కరూ ముఖం మీద ఏమీ అనలేదు. ఒకరికి పరీక్షలట, ఒకరికి మోకాలి నొప్పట. ఒకావిడ మాత్రం గొంతు తగ్గించి, "మీ మీద మాకు నమ్మకమేనమ్మా, కానీ ఆ బోర్డు కింద నుంచి మా పిల్ల మెట్లెక్కుతుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అంది. ఆవిడ కూతురికి పిడికిలి బిగించడం నేర్పడానికే నాకు నెల పట్టింది. బొటనవేలు లోపల పెట్టి గుద్దేది. ఇప్పుడిప్పుడే బయట పెట్టడం అలవాటైంది.

పిల్లలు పోయిన చోటికి సంసారాలు వచ్చాయి. ఫ్యాను ఏ నంబరు మీద తిరగాలన్న తగాదా తీర్చమని ఒక ముసలి జంట మెట్లెక్కి వచ్చింది. తాతగారు ఆయాసపడుతూనే, "మా పెళ్ళయిన నాటి నుంచీ ఉన్న కేసమ్మా ఇది" అన్నారు. ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, కాసేపు కూర్చోబెట్టి పంపాను. వాళ్ళు నయం. వాళ్ళ తర్వాత భార్యలను రెక్క పట్టుకుని తెచ్చే భర్తలు మొదలయ్యారు.

"దీనికి నోరెక్కువ. అణకువ నేర్పండి."

"ఎదురు చెప్పకుండా ఉండటం నేర్పే కోర్సుందా?"

"ఎంత టైము పట్టినా ఫర్వాలేదు. మనిషి మాత్రం మారాలి."

ఇలా వచ్చినవారిలో తమ కార్యాలయం మెట్లు దిగివచ్చినవారూ లేకపోలేదు. పేర్లు వ్రాయను. నేను ఒక్కొక్కరికీ ఐ, టీల సంగతి విప్పి చెప్పబోయాను. వినే ఓపిక ఉంటే ఇక్కడికెందుకు వస్తారు? కొందరు భార్యను గుమ్మంలో దింపి, సామాను దించినట్టు చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. వచ్చిన మనిషిని ఊరికే కూర్చోబెట్టడం నాకు చేతకాదు. వెనక వరసలో నిలబెట్టి, మిగిలిన పిల్లలకు నేర్పేదే వాళ్ళకూ నేర్పుచున్నాను.

4. ఇంతలో తమరి నోటీసు వచ్చింది. బాలికలకు దాంపత్య కళలు నేర్పడం అనైతికమట. జవాబు చెప్పని యెడల హాలుకు సీలు వేస్తారట. అయ్యా, ఆ కళల పేరు పెట్టింది తమరు. ఆ పేరు బోర్డుకు ఎక్కించమని బెదిరించింది తమరు. ఇప్పుడు సిగ్గుపడుతున్నదీ తమరే. గిల్లి జోల పాడటం అంటే ఏమిటో పిల్లలకు వివరించాల్సి వస్తే ఇక మీదట తమ నోటీసే చూపిస్తాను.

ఇందులోనూ ఒక విశేషం ఉంది. నోటీసు ఇంగ్లీషులో ఉంది. నీతి అనడానికి మోరల్ అని వ్రాయవలెను. తమ వారు చివర ఈ అనే అక్షరం తగిలించి మొరాల్ చేశారు. మొరాల్ అంటే గుండెధైర్యం. నోటీసును ఉన్నదున్నట్టు చదివితే, "సదరు కేంద్రము వలన బాలికల గుండెధైర్యము దెబ్బతినుచున్నది" అని వస్తుంది. నేను దాన్ని రెండుసార్లు చదివాను. నవ్వు రాలేదు. నిజంగానే దెబ్బతింటోంది. నా వల్ల కాదు, తమ వల్ల. తమ కార్యాలయం నుంచి నాకు వచ్చిన కాగితాలన్నిటిలో అదొక్కటే నిజం, అదీ స్పెల్లింగు తప్పి పడింది.

5. ఇది నా ఒక్కదాని గోడు కాదు. మా వీధి పాలాయన డెయిరీకి అనుమతి అడిగితే డైరీకి ఇచ్చారు. ఇప్పుడాయన గేదెలను కట్టుకుని ఏటా కొత్త డైరీలు అచ్చు వెయ్యాలి కాబోలు. తమ వెయిటింగు హాల్లో నిశ్శబ్దం అని చెప్పబోయి, క్వయిట్ అన్న మాటను క్వైట్ అని అంటించారు. అంటే "చాలావరకు, దయచేసి" అని. జనం బోర్డును మన్నించి చాలావరకు మాట్లాడుకుంటూనే ఉన్నారు. సిబ్బంది విభాగం తలుపు మీద పర్సనెల్ అనడానికి పర్సనల్ అని ఉంది. లోపలివారు మాత్రం బోర్డుకు కట్టుబడి సొంత పనులే చూసుకుంటున్నారు. తమ కార్యాలయంలో బోర్డు, పని పొల్లు పోకుండా ఒకటిగా ఉన్న గది అదొక్కటే.

అయ్యా, ఇంతసేపూ ఎగతాళిగా వ్రాసినందుకు తమకు కోపం వచ్చి ఉంటుంది. నాకూ కోపంగానే ఉంది. ఆ హాల్లో ఒక పగిలిన అద్దం, పాత బట్టలు కుక్కిన సంచి, అంచులు చిరిగిన చాపలు తప్ప ఏమీ లేవు. కింద రంపం ఆడితే పైన నేల వణుకుతుంది. అయినా అక్కడ నిలబడి గట్టిగా అరవడం నేర్చుకున్న పిల్లలున్నారు. మొదటి రోజు అరవమంటే చేత్తో నోరు మూసుకునేవాళ్ళు. ఆ హాలు పోతే నాకు వేరే బతుకు తెలియదు. వాళ్ళకు అరవడానికి వేరే చోటు లేదు.

కాబట్టి ప్రార్థించునది: మొదటిది, లైసెన్సులో టీని ముందుకు, ఐని వెనక్కు జరిపించవలెను. రెండవది, హాలుకు తాళం వేయించరాదు. మొదటి పనికి తమ వారికి శ్రమ అనిపిస్తే కాగితం నాకిప్పించండి, నేనే జరుపుకుంటాను. ఉన్న మాట అన్నందుకు ఉలిక్కిపడక చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు
(ఈ అర్జీ వరకు మాత్రమే),
దాంపత్య కళల పంతులమ్మ

తా.క. పైదంతా నిన్న వ్రాశాను. క్లాసు అయ్యాక అందరికీ చదివి వినిపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఒకావిడ కొట్టలేదు. అందరూ వెళ్ళాక కూడా చెప్పులు వేసుకోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"అక్కా, బోర్డు మార్చకండి."

"అదేంటమ్మా, ఇంత వ్రాశాక?"

"ఆ బోర్డు చూసే కదా ఆయన నన్ను పంపుతున్నాడు. అణకువ నేర్చుకుంటున్నాననుకుంటున్నాడు. టైము కాగానే తనే గుర్తు చేస్తాడు, తనే దింపి వెళ్తాడు. అక్కడ మార్షల్ అని పడితే రేపటి నుంచి నన్ను గడప దాటనివ్వడు."

తేడా చెబితే ఆయనా అర్థం చేసుకుంటాడేమో అన్నాను. ఆవిడ జాకెట్టు చెయ్యి కొంచెం పైకి జరిపింది. నాలుగు వేళ్ళూ విడివిడిగా లెక్కపెట్టేలా కమిలి ఉంది.

"మా ఇంట్లో ఆ రెండు మాటలకీ తేడా లేదక్కా. చెయ్యి విడిపించుకోవడం నాకింకా సరిగ్గా రాలేదు. వచ్చేదాకా ఉండనివ్వండి."

అక్షరం అటూ ఇటూ అయితే కొంపలు మునగవని తమ పెద్ద గుమాస్తా గారు అన్నప్పుడు నవ్వుకున్నాను. ఒక కొంపలో మునిగిపోతున్న మనిషికి ఆ తప్పే ఆసరా అవుతుందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. అందుచేత నా మొదటి కోరిక రద్దు చేసుకుంటున్నాను. లైసెన్సు దిద్దవద్దు. పోయిన పిల్లల ఇళ్ళకు నేనే తిరిగి తల్లులకు నచ్చజెప్పుకుంటాను. తాళం మాత్రం వేయవద్దు.

ఈ సంగతి అర్జీలో ఎందుకు వ్రాశానని తమరు అనుకోవచ్చు. ఆవిడ సరేనన్న మీదటే వ్రాశాను. ఆవిడ ఎవరో వ్రాయలేదు. వెనక వరస నిండా ఉన్నారు, ఎవరైనా కావచ్చు. తమ కార్యాలయంలో కాగితం పది చేతులు మారుతుందని నాకు తెలుసు. ఆ చేతుల్లో ఏదైనా ఇది చదివి రేపటి నుంచి భార్యను క్లాసు మాన్పిస్తే, ఆ ఇల్లేదో మాకు తెలిసిపోతుంది. అప్పుడు వెనక వరస, ముందు వరస, నేను, అందరం కలిసి ఆవిడను చూసిపోవడానికి వస్తాం. తలుపు తీసినవారికి మార్షల్‌కీ మారిటల్‌కీ తేడా ఏమిటో గుమ్మంలోనే, అర్థమయ్యేదాకా చెబుతాం.