ఎండ బిగించిన బేరింగు

అన్నా, నువ్వు పోయి నేటికి ఏడాది. నీ పాత బైకు ముందు చక్రం గరగరమంటుంటే ఈ శుక్రవారం జుమ్మా సెలవున, ఈ గల్ఫు దేశపు దజీజ్‌లో మన గది వెనకే బేరింగులు మార్చాను. "ఈడి ఎండను తిట్టుడు కాదురా, పనికి పెట్టాలె" అనేవాడివి. అందుకే కొత్త బేరింగులను ఫ్రీజర్లో చేపల పక్కన పెట్టి, చక్రాన్ని మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో ఉంచాను. నమ్మకం చాలక సుత్తె కూడా ఎత్తిపట్టుకున్నాను. చలికి కుంచించుకున్న బేరింగును, ఎండకు సాగిన చక్రం గుంతలో అలా పెట్టానో లేదో, తనంతట తానే లోపలికి జారి కూర్చుంది. నా సుత్తె ఎత్తినట్టే ఉండిపోయింది.

"బాబోయ్! ఎవరు నేర్పారండీ?" అన్నాడు గదిలో కొత్తగా చేరిన కోనసీమ సత్తిబాబు.

"మా అన్న."

"ఆయనెక్కడుంటారండీ?"

చక్రాన్ని బైకుకు ఎక్కించి వేలితో తిప్పాను. చప్పుడే లేదు. అది తిరుగుతూనే ఉందన్నా.